నూకరత్నం నాయకత్వ పరీక్ష

గోదావరి కాలవ గట్టున పెదలంక విశ్వవిద్యాలయం ఉంది. అక్కడి తెలివంతా నిర్వహణ శాస్త్ర విభాగంలోనే పోగుపడిందని అందరూ ఒప్పుకుంటారు. అందరూ అంటే ఆ విభాగం వాళ్ళందరూ. మిగతా వాళ్ళని అడగలేదు. మిగతా వాళ్ళకి అంత తెలివి ఉండదు కదా, వాళ్ళనడిగి ఏం లాభం?

ఆ తెలివిలో పెద్ద వాటా నూకరత్నానిది. ఎవరేం చెప్పినా అక్షరం పొల్లుపోకుండా చేసే పిల్ల. ఇంటర్ పరీక్షలో ఇన్విజిలేటరు "పక్కకి చూడకు" అన్నాడు. అంతే, పరీక్ష అయిపోయాక కూడా పక్కకి చూడకుండా నడిచి, తమ వీధి మలుపు దాటిపోయి, చీకటి పడేవేళకి పక్క ఊళ్ళో తేలింది. "చెప్పిన మాట వినడమంటే మా అమ్మాయిదే" అని వాళ్ళమ్మ వీధంతా చెప్పుకుంది. నూకరత్నం కూడా ఆ సంగతి ఎవరైనా అడుగుతారేమోనని ఎదురుచూస్తూ ఉండేది.

ఆమె జట్టులో మరో ఇద్దరున్నారు. పల్లాలరావుకి ఆలోచన ఎక్కువ. నడుస్తూ ఆలోచిస్తే ఆలోచన ఒలికిపోతుందని, ఏదైనా తట్టగానే రోడ్డు మధ్యలోనైనా ఆగి నిలబడతాడు. ఏసుపాదానికి ధైర్యం ఎక్కువ. అర్థం కాని విషయానికి కూడా వెంటనే ఔననేస్తాడు. ఈ ముగ్గురూ ఒకచోట చేరితే ఇక తెలివికి కొదవేముంది?

వీళ్ళకి పాఠం చెప్పేది భానోజీరావు మాస్టారు. ఆయనంటే నూకరత్నానికి ప్రాణం. చిన్నప్పటి నుంచి ఆమెను మొద్దు అనని మాస్టారు ఆయనొక్కరే. ఆ మాట అనాలంటే ఎదుటివాళ్ళు మొద్దని ముందు తెలియాలి కదా. ఆయనకా సమస్య లేదు.

ఆ ఏడాది మాస్టారు కొత్త చదువు తెచ్చారు. సాంకేతిక పద్ధతిలో నాయకత్వ శిక్షణ. ప్రతి ఒక్కరి చేతిలో ఒక ట్యాబ్, చెవిలో ఒక ఇయర్‌ఫోన్. ట్యాబ్‌లో సారథి అని ఒక యాప్. అది చెవిలో సలహాలు చెబుతుంది, కెమెరాతో చూస్తుంది, మన నాయకత్వం ఎంతవరకు వచ్చిందో ఒక ముల్లుతో చూపిస్తుంది. ఎర్రటి గీతలో ఉంటే ఇంకా రాలేదని, పచ్చటి గీతలోకి వెళ్తే వచ్చేసిందని.

అందరూ ఒకే గదిలో కూర్చునేవాళ్ళు. మాస్టారు ఎదురుగా బల్ల దగ్గర కూర్చుని తన ట్యాబ్‌తో మాట్లాడేవారు. పిల్లలు తమ ట్యాబ్‌లలో వినేవాళ్ళు. పక్కనున్న ఫిజిక్సు వాళ్ళు కిటికీలోంచి చూసి, "ఎదురెదురుగా కూర్చుని ఫోను చేసుకుంటారేంటర్రా?" అని నవ్వారు. వాళ్ళది పాతకాలం చదువని నూకరత్నం జాలిపడింది.

కొత్త చదువులో ఒక నియమం ఉంది. ఎవరైనా మాట్లాడాలంటే ముందు ట్యాబ్‌లో చెయ్యి బొమ్మ నొక్కాలి. మాస్టారు మైకు ఇస్తేనే నోరు విప్పాలి. ఒకరోజు మాస్టారు కళ్ళు మూసుకుని 'ఆపద సమయంలో నాయకుడు' అనే పాఠం చెబుతున్నారు. ఆయన ట్యాబ్ చార్జింగ్ తీగ దగ్గర సన్నగా పొగ లేచింది. అందరికన్నా ముందు చూసింది నూకరత్నమే. చూడగానే చెయ్యి బొమ్మ నొక్కింది. పొగ పల్లాలరావుకీ కనిపించింది, అతనూ నొక్కాడు. వీళ్ళెందుకు నొక్కుతున్నారో తెలియకపోయినా ఏసుపాదం కూడా నొక్కాడు. మాస్టారి ట్యాబ్ అప్పటికే ఆరిపోయింది. ఎన్ని చేతులు లేస్తే మాత్రం ఆయనకెలా కనబడతాయి?

"ఎవరికీ సందేహాలు లేవంటే పాఠం బాగా ఎక్కిందన్నమాట" అన్నారు మాస్టారు దగ్గుతూ.

ఇంకేముంది, బల్లగుడ్డ అంటుకుంది. ఫిజిక్సు అటెండరు బకెట్టుతో పరిగెత్తుకొచ్చి, బల్ల మీద కొంత, మాస్టారి మీద కొంత నీళ్ళు కుమ్మరించాడు.

"నోళ్ళు పడిపోయినాయా ఏంటి? ఒక్క కేక పెట్టలేరా?" అన్నాడు.

"మాస్టారు మైకు ఇవ్వలేదండి" అంది నూకరత్నం.

మాస్టారు తడిసిన చొక్కాతోనే లేచి నిలబడ్డారు. ఆయన కళ్ళలో నీళ్ళు తిరిగాయి, కొంత పొగ వల్లా, కొంత సంతోషం వల్లా. "ప్రాణం మీదికొచ్చినా క్రమశిక్షణ తప్పలేదు మీరు. నాకింకేం కావాలమ్మా?" అన్నారు. ఆ మాటకి నూకరత్నం గుండె నిండిపోయింది.

అలాంటి మాస్టారికి కష్టం వచ్చింది. ఆయనది ఏడాది ఒప్పందం ఉద్యోగం. కొత్త చదువు ఉండాలా పోవాలా అన్నది తేల్చడానికి పట్నం నుంచి గంగాధరం గారనే పెద్ద ఆచార్యుడు వస్తున్నారు. ఆయన సాయంత్రం ఆరింటిలోగా వీసీ గారి గదికి వెళ్ళి ఈ చదువు బాగుందని ఒక్కమాట చెబితే చదువూ ఉంటుంది, మాస్టారూ ఉంటారు. ఆ మాట పడకపోతే ఆరు దాటాక మాస్టారు పెట్టె సర్దుకుని ఊరు విడిచి వెళ్ళాల్సిందే. ఆ గంగాధరం గారిని స్టేషనులో దింపుకుని, సభ జరిపి, మర్యాదలు చేసే పనంతా విద్యార్థులదే. అదే వాళ్ళకి చివరి పరీక్ష. మాస్టారు వేలు పెట్టకూడదు, సారథి చెప్పినట్టు నడుచుకోవాలి. నాయకురాలు నూకరత్నం.

"నువ్వుండగా నాకేం భయం లేదమ్మా" అన్నారు మాస్టారు.

"మీరు ఊరు దాటితే నేను నూకరత్నాన్నే కాదండి" అందామె. ఆ రాత్రి అన్నం కూడా సయించలేదు పాపం.

స్టేషనుకి వెళ్ళేముందు ముగ్గురూ కళ్ళకి డబ్బా లాంటి కళ్ళజోడు కట్టుకుని సాధన చేశారు. అందులో రైలు వచ్చింది, ఆగింది, అతిథి దిగాడు. పొడుగాటి మనిషి, తెల్లచొక్కా, గుబురు మీసం. నూకరత్నం దండ వేసింది. ఆయన నవ్వాడు. ముల్లు పచ్చగీతలోకి వెళ్ళింది. ఇంత తేలికైన పనికి నిన్నటి నుంచి బెంగపడ్డందుకు ఆమెకే నవ్వొచ్చింది.

నిజం రైలు వచ్చింది. మూడో బోగీలోంచి పొడుగాటి మనిషి దిగాడు. తెల్లచొక్కా, గుబురు మీసం. అంతే, నూకరత్నం దండ వేసేసింది. ఆయన కొబ్బరికాయల బేరానికి వచ్చిన షావుకారు.

"ఎవరి తరఫునమ్మా ఇది?" అన్నాడు.

"యూనివర్సిటీ తరఫునండి."

"మంచిదే. మావాడికో సీటు చూడండి మరి" అన్నాడు షావుకారు.

ఇంతలో వెనక నుంచి ఒక పొట్టి మనిషి వచ్చాడు. నున్నటి తల, మీసం లేదు, చేతిలో గోధుమరంగు సూట్‌కేసు. "అమ్మా, నేను గంగాధరాన్ని. నా కోసమేనా?" అన్నాడు.

నూకరత్నం ఆయన్ని ఎగాదిగా చూసింది. "కాదేమోనండి. గంగాధరం గారికి మీసం ఉంటుందండి."

"నా సంగతి నాకు తెలియదా తల్లీ?"

"మేం మిమ్మల్ని ఇందాకే ఒకసారి దింపుకున్నామండి. అప్పుడు బాగా పొడుగ్గా ఉన్నారు" అన్నాడు ఏసుపాదం.

పల్లాలరావు ఆగి ఆలోచించాడు. ఎలాగూ ఆగే ఉన్నాడు కాబట్టి ఆలోచన త్వరగానే వచ్చింది. "రైల్లో ఎక్కువసేపు కూర్చున్నారు కదా, కుదించుకుపోయుంటారే" అన్నాడు. నూకరత్నానికి అది సబబుగానే తోచింది. షావుకారు మెడలో దండ తీసి గంగాధరం గారి మెడలో వేశారు. షావుకారు "సీటు సంగతి?" అని అడుగుతూనే ఉన్నాడు.

కానీ సారథి ఒప్పుకోలేదు. 'అతిథి ముఖం సరిపోలడం లేదు' అంది చెవిలో. ముల్లు ఎర్రగీత దాటనంటోంది. నూకరత్నం వెంటనే సంచిలోంచి కాటుక భరిణె తీసి, వేలికి దట్టంగా రాసుకుని గంగాధరం గారి ముక్కు కింద పెట్టింది.

"దిష్టి చుక్కా అమ్మా? ఎంత ఆచారం, ఎంత ఆచారం" అని ఆయన మురిసిపోయి ముఖం ముందుకు వంచాడు. అటొక తిప్పు, ఇటొక తిప్పు. గుబురు మీసం తయారైంది. ముల్లు కదిలింది. నూకరత్నం గట్టిగా ఊపిరి పీల్చుకుంది.

గంగాధరం గారిని ఆటోలో కూర్చోబెట్టారు. ఆటోవాడు ఆయన మీసం కేసి చూసి ఏదో అనబోయి, పెద్దవాళ్ళ గొడవ మనకెందుకని ఊరుకున్నాడు. నూకరత్నం ఎక్కబోతుంటే చెవిలో సారథి అంది, 'నాయకుడు ముందు నడవాలి. తన వెనుక నడిచేవారిని పెంచుకోవాలి.'

అంతే, ఆమె ఎక్కడం మానేసి ఆటో ముందుకొచ్చి నడక మొదలెట్టింది. ఆటో ఆమె వెనక బుర్రుబుర్రుమంటూ పాకింది. పల్లాలరావు, ఏసుపాదం ఆటోకి చెరోపక్క నడిచారు. ఒకచోట పల్లాలరావుకి ఏదో ఆలోచన తట్టి ఆగిపోతే, అతని వెనక వస్తున్న అరటిగెలల బండి ఆగింది, దాని వెనక బస్సు ఆగింది. బస్సులోవాళ్ళు దిగి చూశారు. ఆటోలో దండ వేసుకున్న పెద్దమనిషి, ముందు బిర్రబిగుసుకుని నడుస్తున్న ఆడపిల్ల. ఏదో ఊరేగింపని వాళ్ళూ నడిచారు. పెళ్ళి నుంచి తిరిగొస్తున్న సన్నాయి మేళం వాళ్ళు ఎదురై, ఎందుకో ఏమిటో అడక్కుండా వాయించడం మొదలెట్టారు. ఒకావిడ గుమ్మంలోంచి వచ్చి హారతిచ్చి, "ఏ సామీజీ అమ్మా?" అని అడిగింది.

"పెద్ద ఆచార్యులండి" అంది నూకరత్నం నడక ఆపకుండానే.

"ఆయ్, ముఖంలోనే తెలుస్తోందిలే" అని ఆవిడ చెంపలేసుకుంది.

గంగాధరం గారు ఇన్నాళ్ళ సర్వీసులో ఇలాంటి స్వాగతం ఎరగరు. రెండువైపులా దండాలు పెడుతూ, మధ్యమధ్యలో కళ్ళు తుడుచుకుంటూ వచ్చారు. కాటుక కాస్త చెంపలకెక్కింది. ముల్లు పచ్చగీత కొసకి వెళ్ళిపోయింది. సారథి చెవిలో 'అసాధారణ నాయకత్వం' అని ఒకటే పొగడ్త. ఇంత జనాన్ని వెంటపెట్టుకుని వచ్చిన విద్యార్థి ఇంతవరకు ఆ యాప్‌కి కూడా తగల్లేదు కాబోలు.

మధ్యాహ్నం యూనివర్సిటీ హాల్లో సభ మొదలైంది. సరిగ్గా అప్పుడే నెట్‌వర్క్ పోయింది. గంగాధరం గారు మైకు ముందు నిలబడి, "బాబులూ, అమ్మలూ, నాయకుడంటే ఎవరు? ఒక్కరు చెప్పండి చూద్దాం" అన్నారు.

నూకరత్నానికి జవాబు నోట్లోనే ఉంది. చెయ్యి బొమ్మ నొక్కింది. ట్యాబ్‌లో చక్రం గిరగిర తిరుగుతోంది తప్ప చెయ్యి లేవడంలేదు. హాలంతా తలలు వంచుకుని నొక్కుతోంది. మాస్టారు కూడా మైకు ఇద్దామని తన ట్యాబ్ మీద పొడుస్తూనే ఉన్నారు. సూది పడితే వినబడేంత నిశ్శబ్దం.

ఆచార్యులు కాసేపు చూసి, జవాబు తనే చెప్పారు. ఎవరూ అడ్డురాలేదు. రెండో ప్రశ్న అడిగారు. మళ్ళీ నిశ్శబ్దం. దానికీ తనే చెప్పారు. అలా చెబుతూ చెబుతూ తన చిన్నతనం, తన సర్వీసు, తన పదోన్నతి ఆపించిన వాళ్ళ వివరాలు అన్నీ చెప్పుకొచ్చారు. ఒక్క ప్రాణి దగ్గలేదు. ఆయన ముఖం వెలిగిపోయింది, కాటుక ఉన్నంతమేర తప్ప.

"భానోజీరావు గారూ, నేను ఎన్నో కాలేజీలు చూశాను. నా ప్రశ్న సగంలో ఉండగానే పిల్లలు అందుకుంటారు, నన్ను మాట్లాడనివ్వరు. మీ పిల్లలు వినడం నేర్చుకున్నారండి. నాయకుడికి అంతకన్నా కావలసిందేముంది?" అన్నారు. "ఈ టీ తాగి వీసీ గారి దగ్గరికే వెళ్తాను. మీ గురించి చెప్పవలసింది చెబుతాను. మీరు నిశ్చింతగా ఉండండి."

మాస్టారు చేతులు జోడించారు. అది చూసి నూకరత్నానికి ఏడుపొచ్చినంత పనయింది. మాస్టారు ఇక ఎక్కడికీ వెళ్ళరు. గోడ గడియారంలో ఇంకా అయిదు కాలేదు. వీసీ గారి గది మెట్ల పక్కనే ఉంది. టీ కప్పు ఆచార్యుల చేతిలో ఉంది.

సరిగ్గా అప్పుడే నెట్‌వర్క్ వచ్చింది.

'కసరత్తు అసంపూర్తి' అంది సారథి. 'మొదటి ఘట్టం, అతిథి రైలు దిగడం, నమోదు కాలేదు. దయచేసి మొదటి నుంచి మళ్ళీ చేయండి.'

మరే, రైలు దిగేటప్పుడు కెమెరా షావుకారు మీద ఉంది. పచ్చగీత కొసన ఉన్న ముల్లు ఎర్రగీత మొదట్లోకి వచ్చి పడింది. పల్లాలరావుని పిలిస్తే అతను ఆగి ఆలోచించాడు. "మొదటి నుంచంటే స్టేషను నుంచేనే" అన్నాడు. ఏసుపాదం వెంటనే ఔనన్నాడు. మాస్టారిని అడుగుదామంటే పరీక్షలో ఆయన్ని అడగకూడదు కదా.

"లేవండి సార్, వెళ్దాం" అంది నూకరత్నం. ఆచార్యుల చేతిలో కప్పు అందుకుని బల్ల మీద పెట్టింది.

"వీసీ గారి దగ్గరికేనా?"

"ముందు మొదటికి వెళ్ళాలండి."

ఇంకా ఏదో సన్మానం ఉందనుకుని ఆయన చొక్కా సర్దుకుని లేచాడు. దండ ఎలాగూ మెడలోనే ఉంది. ఈసారి ఆలస్యం కాకూడదని నలుగురూ ఆటోలో ఇరుక్కుని స్టేషనుకి పోయారు. ప్లాట్‌ఫారం మీద విశాఖపట్నం వైపు వెళ్ళే రైలొకటి ఆగి ఉంది.

"ఒక్కసారి ఎక్కి దిగండి సార్, చాలు" అంది నూకరత్నం, మళ్ళీ వేయడానికి ఆయన మెడలో దండ తీసుకుంటూ. పల్లాలరావు ట్యాబ్ ఎత్తి పట్టుకున్నాడు. ఫొటో కోసమనుకుని ఆయన ఎక్కి, గుమ్మంలో నిలబడి నవ్వుతూ చెయ్యెత్తాడు. తరవాత దిగబోయాడు.

"ఆగండి ఆగండి. అప్పుడే దిగకూడదండి" అని నూకరత్నం అడ్డంగా నిలబడింది. "రైలు రావాలి, ఆగాలి, తరవాతే అతిథి దిగాలి. ఇది ముందే ఆగిపోయిందండి. కదిలితే కదా ఆగడానికి."

ఆయన ఏమిటో అడిగేలోపల గార్డు జెండా ఊపాడు. అంతే, రైలు కదిలింది. "అమ్మా, అమ్మా" అని ఆచార్యులు గుమ్మంలోంచి చేతులూపారు. ఆయన అంత ఉత్సాహంగా సహకరించినందుకు ముగ్గురూ చప్పట్లు కొట్టారు.

రైలు కనబడకుండా పోయింది. వాళ్ళు దండ సర్దుకుని, వరసలో నిలబడి, అది వచ్చి ఆగడం కోసం ఎదురుచూస్తున్నారు. ఏసుపాదం ఒకటి రెండుసార్లు పట్టాల మీదికి వంగి చూశాడు. కాసేపటికి మాస్టారు రొప్పుతూ పరిగెత్తుకొచ్చారు. చేతిలో ఆచార్యులు సభలో వదిలేసిన గోధుమరంగు సూట్‌కేసు ఉంది.

"గంగాధరం గారేరమ్మా? వీసీ గారు గదిలో కూర్చుని చూస్తున్నారు. ఆరవుతోంది."

"మొదటి నుంచి చేయమందండి సారథి. ఆయన్ని రైలెక్కించాం. వచ్చి దిగుతారు, దండ వేసి తీసుకొచ్చేస్తామండి" అంది నూకరత్నం. చెబుతుంటే లోపల ఎక్కడో భయం. తప్పు చేసిందంటారేమోనని మాస్టారి ముఖంలోకే చూస్తోంది.

మాస్టారు సూట్‌కేసు కింద పెట్టారు.

"చేసింది సరైన పనే. కానీ ఒక్క పొరపాటు చేశారు" అన్నారు. "పొద్దున ఆయన దిగినప్పుడు ఈ పెట్టె చేతిలో ఉందా లేదా?"

నూకరత్నం వంగి పెట్టె కేసి చూసింది.

"ఉందండి" అంది నూకరత్నం నీరసంగా.

"మరి ఉత్త చేతులతో దిగితే మొదటి నుంచి చేసినట్టెలా అవుతుంది? సారథి ఒప్పుకుంటుందా?"

నూకరత్నానికి ఒళ్ళు గగుర్పొడిచింది. ఎంతైనా మాస్టారు మాస్టారే. తమకి తట్టలేదు, చూడగానే ఆయనకి తట్టింది. ఇలాంటి మనిషిని ఊరు దాటించాలని చూస్తారా, ఎంత గుడ్డివాళ్ళు!

ఇంతలో అటువైపే వెళ్ళే ప్యాసింజరు వచ్చి ఆగింది. ఏసుపాదం సూట్‌కేసు అందించాడు. పల్లాలరావు తన ఇయర్‌ఫోన్ తీసి మాస్టారి చెవిలో పెట్టాడు. నూకరత్నం ఆయన చెయ్యి పట్టుకుని జాగ్రత్తగా మెట్టెక్కించి, కిటికీ పక్క సీటు చూసి కూర్చోబెట్టి, తాగడానికి నీళ్ళసీసా ఇచ్చి దిగింది.

"ఆయన్ని అందుకుని, పెట్టె చేతికిచ్చి, ఇద్దరం వచ్చేస్తాం. మీరు కదలకండి" అన్నారు మాస్టారు కిటికీలోంచి.

"ఆయ్, అలాగేనండి. మిమ్మల్ని ఈ ఊరు వదలనిస్తామా?" అంది నూకరత్నం.

స్టేషను గడియారంలో ఆరయింది. రైలు కూత వేసి కదిలింది. ట్యాబ్‌లో ముల్లు మెల్లగా లేస్తోంది. ఆమె దాన్ని చంకలో పెట్టుకుని, మాస్టారి కిటికీ కనిపించినంతసేపూ, చెయ్యి నొప్పెట్టినా ఆపకుండా ఊపుతూనే ఉంది.